తెలుగు సిపాయిలు

తెలుగు సిపాయిలు అనగా పద్దెనిమిదవ శతాబ్దం మధ్యకాలం నుండి ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలోను, ఆ తరువాత బ్రిటిషు ఇండియా సైన్యంలోను, 1947 నుండి భారత సైన్యంలోను పనిచేసిన తెలుగు ప్రాంతపు సామాన్య సైనికులు. ఉత్తర సర్కారులు మద్రాసు సైన్యానికి సిపాయిలను ఇచ్చిన ప్రాంతాలలో ఒకటి. 1788లో కంపెనీ పాలనలోకి వచ్చిన గుంటూరు సర్కారు ఇందులో భాగమే. అయినప్పటికీ గుంటూరు, ప్రకాశం ప్రాంతాల చరిత్ర అనగానే పత్తి, పొగాకు, మిరప, స్వాతంత్ర్యోద్యమం గుర్తుకు వస్తాయి గాని సైనికులు గుర్తుకు రారు. వీరు పోరాడిన పటాలాలలో చాలావాటికి "మద్రాసు" అనో "కర్ణాటిక్" అనో పేర్లుండటం ఇందుకు ఒక ముఖ్య కారణం.

తిలంగా అనే పేరు

1757 ప్రాంతంలో రాబర్ట్ క్లైవు వెంట మద్రాసు నుండి బెంగాలుకు వెళ్ళిన సిపాయిలను అక్కడివారు "తిలంగాలు" అని పిలిచారు. తరువాత బెంగాలు సైన్యంలో అవధ్, బీహారు వారే నిండిపోయినా ఆ పేరు పోలేదు. 1857 తిరుగుబాటులో ఢిల్లీ ప్రజలు తిరుగుబాటు సిపాయిలను తిలంగాలు అనే అన్నారు. వారిలో తెలుగువారు దాదాపుగా లేరు. తెలుగు సిపాయి పేరు ఉత్తరాదిన మిగిలింది, మనిషి మాత్రం దక్షిణాదిన మద్రాసీ అయిపోయాడు.

సముద్రం దాటిన పటాలాలు

సముద్ర ప్రయాణం వల్ల కులం చెడుతుందని బెంగాలు సిపాయిలు వెనుకాడిన రోజులలో కంపెనీ ఎక్కువగా మద్రాసు సైన్యం మీదనే ఆధారపడింది. మొదటి బర్మా యుద్ధంలో (1824-26) ఓడలలో రంగూనుకు చేరిన సైన్యంలో మద్రాసు సిపాయిలు పెద్ద భాగం. ఆ యుద్ధంలో తూటాల కంటే జ్వరాలు, విరేచనాలే ఎక్కువమందిని చంపాయి.

ఈ విధేయత షరతులు లేనిదేమీ కాదు. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలు ఓడ ఎక్కడానికి నిరాకరించి తిరగబడ్డారు. మద్రాసు సిపాయిలు సాధారణంగా భార్యాబిడ్డలను పటాలంతోనే ఉంచుకునేవారు. కాబట్టి సముద్రం మీద పంపడమంటే కుటుంబాన్ని దిక్కులేకుండా వదలివేయడమే. ఈ సంగతి గ్రహించకుండా ఆ తిరుగుబాటును పిరికితనంగా చూడటం సరికాదు.

"యుద్ధజాతులు" అనే సిద్ధాంతం

1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తరువాత 1893 వరకు ఇండియా సైన్యానికి సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దీర్ఘకాలపు శాంతి వల్ల దక్షిణాదివారిలో పోరాటపటిమ తగ్గిపోయిందని భావించాడు. పంజాబీలు, గూర్ఖాలు, పఠానులే అసలైన యోధులనే అభిప్రాయం బలపడింది. మద్రాసు పటాలాలు ఒకటొకటిగా రద్దయ్యాయి. 1895లో తెలుగువారిని సైన్యంలో చేర్చుకోవడం నిలిపివేశారు. ఒక యుద్ధంలో ఓడిపోయినందుకు కాదు, పెద్ద యుద్ధాలకు పంపనందుకే వీరు యోధులు కాకుండా పోయారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక తలుపులు మళ్ళీ తెరిచారు. యుద్ధం ముగిశాక ఖర్చు తగ్గించే పేరిట 1920లలో మద్రాసు పదాతి పటాలాలను రద్దు చేశారు. 1941లో అవసరం పడి మద్రాసు రెజిమెంటును మళ్ళీ ఏర్పాటు చేశారు. బెంగళూరు కేంద్రంగా గల మద్రాసు సాపర్లు మాత్రం ఈ కాలమంతా కొనసాగారు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు తీయడం వీరి పని. ఇది తుపాకీ పట్టినంత పేరు తెచ్చే పని కాదు గాని, అందరికంటే ముందు నడవవలసిన పని.

పేర్లు లేని ఫలకాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో (నేటి ఇరాకు) మరణించి, సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల కొరకు బస్రాలో స్మారకం నిర్మించారు. దానిపై అధికారుల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిలకు మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అని సంఖ్య వేసి ఊరుకున్నారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదికలో ఈ అసమానతను అంగీకరించి క్షమాపణ చెప్పింది. భారతీయులు, ఆఫ్రికనులు మొదలైనవారిలో 45,000 నుండి 54,000 మందిని అసమానంగా స్మరించారని, కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించనే లేదని ఆ నివేదిక అంచనా.

అదే సామ్రాజ్యంలోని ఆస్ట్రేలియా సంగతి దీనికి భిన్నం. యాభై లక్షల లోపు జనాభా గల ఆ దేశం నుండి సుమారు 3,30,000 మంది విదేశాలలో పోరాడగా 60,000 మందికి పైగా మరణించారు. అక్కడ చిన్న ఊళ్ళలో కూడా పేర్లతో స్మారకాలున్నాయి, చాలాచోట్ల బ్రతికి వచ్చినవారి పేర్లు కూడా చెక్కారు. ప్రతి సైనికుని సేవా పత్రాన్ని ఆ దేశపు జాతీయ ఆర్కైవ్సులో చదవవచ్చు. తెలుగునాట ఇటువంటిది అరుదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ("మిలిటరీ మాధవరం") తన సైనికులకు స్మారకం నిర్మించుకున్న ఊరు.

స్వాతంత్ర్యం తరువాత

1948 మే నెలలో కాశ్మీరులోని తీత్వాల్‌ను పట్టుకున్న బ్రిగేడులో మద్రాసు రెజిమెంటు మొదటి బెటాలియను పాల్గొన్నది. 1965, 1971 యుద్ధాలలోను ఈ రెజిమెంటుకు యుద్ధ గౌరవాలు దక్కాయి. నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో దీని శిక్షణ కేంద్రం ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ వారు ఇందులో చేరుతారు.

బాపట్ల మండలం దరివాద కొత్తపాలెం గ్రామానికి చెందిన సిపాయి మరుప్రోలు జస్వంత్ కుమార్ రెడ్డి ఈ రెజిమెంటు 17వ బెటాలియనులో పనిచేశాడు. 2021 జూలై 8న జమ్మూ కాశ్మీరులోని రాజౌరీ జిల్లా సుందర్‌బనీ ప్రాంతంలో ఉగ్రవాదులతో జరిగిన పోరులో మరణించాడు. అతని వయస్సు 23 సంవత్సరాలు. అతనికి, అదే పోరులో మరణించిన కేరళకు చెందిన నాయబ్ సుబేదారు శ్రీజిత్‌కు 2022 గణతంత్ర దినోత్సవ సందర్భంగా మరణానంతరం శౌర్యచక్ర ప్రకటించారు.

కొలువు ముగిశాక

సిపాయికి పూర్తి పింఛను రావాలంటే 15 సంవత్సరాల సేవ అవసరం. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇండియా సైన్యం ఇరవై ఐదు లక్షలకు పెరిగింది. యుద్ధం కాగానే వారిలో అధికభాగాన్ని ఇళ్ళకు పంపివేశారు. నాలుగైదేళ్ళు మాత్రమే పనిచేసినవారికి పింఛను అర్హత రాలేదు. బర్మా అడవులలోనో ఇటలీ కొండలలోనో పోరాడి వచ్చిన మనిషి తిరిగి కౌలు రైతుగానో కూలీగానో మారవలసి వచ్చేది.

పూర్తి సేవ చేసినవారు కూడా నలభై ఏళ్ళు నిండకముందే ఇంటికి వస్తారు. పిల్లల చదువులు అప్పుడే మొదలవుతాయి. బ్యాంకు గార్డు, ప్రభుత్వ కార్యాలయాలలో చిన్న ఉద్యోగం, సొంత సేద్యం వీరికి మామూలు దారులు. ఊరిలో పేరుకు ముందు "మిలిటరీ" చేరుతుంది. మాజీ సైనికులకు ప్రభుత్వ బంజరు భూమి ఇవ్వడం పాత ఆచారం. నల్లరేగడిలో పత్తి, మిరప పండే చోట ఇటువంటి భూమికి విలువ పెరిగాక తగాదాలు కూడా పెరిగాయి. పేదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్మడానికి వీలులేని కాలంలోనే, మాజీ సైనికులు తమ భూమిని పదేళ్ళ తరువాత అమ్ముకోవచ్చని 1993లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2003లో మాజీ సైనికులకు వైద్య పథకం మొదలయినది. "ఒకే హోదా, ఒకే పింఛను" పద్ధతి 2014 జూలై 1 నుండి వర్తించింది.

రికార్డులలో వెదకడం

మరణించిన సిపాయిల వివరాలను కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో చూడవచ్చు. చాలా నమోదులలో తండ్రి పేరు, గ్రామం, జిల్లా ఉంటాయి. అయితే తెలుగు పేర్లను ఆంగ్ల గుమాస్తాలు విన్నట్లు రాయడం వల్ల ఒకే పేరు పలు రూపాలలో కనిపిస్తుంది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కాబట్టి అంతకుముందరి కాగితాలలో ఒంగోలు, అద్దంకి, చీరాల ఊళ్ళు గుంటూరు జిల్లాలోను, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ఊళ్ళు నెల్లూరులోను, మార్కాపురం, గిద్దలూరు ఊళ్ళు కర్నూలులోను వెదకాలి.