తంగేడు, గునుగు, మా బాపు గడ్డి మందు

దసరా సెలవులు ఇచ్చారంటే హాస్టల్ ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. ఎవరి పెట్టె వారు సర్దుకుని బస్టాండుకు పరుగే పరుగు. సెలవులు అయిపోయి తిరిగి వచ్చాక అందరూ అందరినీ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏం చేసినవ్ రా ఇన్ని రోజులు?" ఈ ఏడు నన్ను అడిగినవాళ్లకు "పూలు తెంపుకొచ్చిన" అని చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వదగిన మాటే. కాని ఆ పూల వెంట తిరిగిన నాలుగు రోజుల్లో నేను తరగతిలో చదివిన వృక్షశాస్త్రం, మా ఇంటి ఎవుసం, మా అమ్మ నడుం నొప్పి అన్నీ ఒక్కచోట కలిశాయి. అది చెప్పుకుందామనే ఈ ప్రయత్నం.

మన కళాశాలలో అన్ని ప్రాంతాల మిత్రులూ ఉన్నారు కనుక ముందు బతుకమ్మ గురించి రెండు మాటలు. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజుల పండుగ ఇది. తాంబాళంలో గుమ్మడాకు పరచి, వరుస మీద వరుసగా పూలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడుకుని, చివరకు చెరువులో వదులుతారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. దేవుడి పూజకు పూలు అన్ని చోట్లా వాడతారు. ఇక్కడ పూలకే పూజ.

మరి ఆ పూలు ఏవి? బంతి, చామంతి పెరట్లో పెంచేవే. అయితే బతుకమ్మకు ముఖ్యమైనవి తంగేడు, గునుగు. ఈ రెంటినీ ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పోయరు. తంగేడు బీడు మీద పొద. గునుగు చేలో కలుపు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు గాని, దాని అర్థం ఏమిటో ఈ దసరాకే తెలిసింది.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే చెల్లెను వెంటబెట్టుకుని చేనుకు పోయాను. మాకు మూడెకరాల చెల్క ఉంది, అందులో పత్తి. నా చిన్నతనంలో ఈ రోజుల్లో పత్తి సాళ్ల మధ్య గునుగు తెల్లగా, కొసకు గులాబి రంగుతో నిలబడి ఉండేది. చేతికి దొరికిన కాడికి తెంపి టవల్లో మూట కట్టేవాళ్లం. ఈసారి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాం. చేను అద్దంలా ఉంది. ఒక్క గునుగు లేదు.

"అన్నా, గునుగు లేకుంటె ఎట్ల? మన బతుకమ్మల ఉత్త తంగేడే ఉంటది" అంది చెల్లె. దాని మొహం చూస్తే నవ్వూ వచ్చింది, బాధా కలిగింది.

ఇంటికొచ్చి బాపును అడిగాను. గడ్డి మందు కొట్టిన అన్నాడు. మూడేండ్ల నుంచి కొడుతున్నాడట. నేను హాస్టల్లో ఉండి గమనించలేదు. రెండు మందులు కలిపి కొడతారు. క్విజాలోఫాప్ ఇథైల్ అనేది గడ్డి జాతి కలుపును చంపుతుంది. పైరిథియోబ్యాక్ సోడియం వెడల్పాకు కలుపును చంపుతుంది. గునుగు రెండో జాబితాలోకి వస్తుంది. ఈ రెండో మందు పనిచేసే తీరు విచిత్రంగా ఉంటుంది. మొక్క ఎదగాలంటే ప్రోటీన్లు కావాలి, ప్రోటీన్లకు అమైనో ఆమ్లాలు కావాలి. వాలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్ అనే మూడింటిని తయారు చేసుకునే దారిలో ఎసిటోలాక్టేట్ సింథేజ్ అనే ఎంజైము ఉంటుంది. మందు పోయి ఆ ఎంజైముకు అడ్డం పడుతుంది. ఇక మొక్క వెంటనే మాడిపోదు. ఎదుగుదల ఆగిపోయి, పసుపు పట్టి, రోజుల తరబడి ఆకలితో చచ్చినట్టు చస్తుంది. పత్తి మొక్క మాత్రం ఆ మందును తన కణాల్లోనే విరగ్గొట్టుకుని బయటపడుతుంది. అందుకే ఒకే చేలో, ఒకే పంపు కింద, పత్తి బతుకుతుంది, గునుగు పోతుంది.

ఇదంతా నేను పుస్తకం భాషలో చెబుతుంటే బాపు బీడీ ముట్టించుకుని విన్నాడు. విని అన్నాడు: "పువ్వు కోసం చేను ఇడిసిపెడ్తమా బిడ్డా? కలుపుకు పది మందిని పిలిస్తె ముగ్గురు వస్తున్నరు. వచ్చినోళ్లకు కూలి ఇచ్చుకుంటె పత్తిల మనకేం మిగుల్తది?"

అమ్మ నా పక్షం తీసుకుంటుందనుకున్నాను. బతుకమ్మ పేర్చేది ఆమే కదా! ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "నాకు గూడ గునుగు గావాలె. గని మళ్ల వంగి కలుపు తియ్యుమంటె నా నడుము రాదు" అంది.

నా దగ్గర జవాబు లేదు. మందు రాకముందు వానకాలం అంతా ఆమె ఎట్లా వంగి ఉండేదో నేను చూసినవాణ్ణే. కలుపు తీసిన చేతులు ఆడవాళ్లవి, పువ్వు పేర్చే చేతులూ వాళ్లవే. "రసాయనాలు వద్దు" అని వ్యాసపోటీలో రాయడం తేలిక. అమ్మ ముందు అనడం కష్టం.

మర్నాడు తెల్లవారుజామున చెల్లె, నేను ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న గుట్ట దిక్కు బయలుదేరాం. కాళ్లు మోకాళ్ల దాకా మంచుకు తడిశాయి. వానకాలంలో లేని ఈ మంచు ఇప్పుడెందుకు పడుతుంది? నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు 17 ప్రాంతంలో వాయవ్య భారతం నుంచి వెనక్కి మళ్లడం మొదలై, అక్టోబరు 15 నాటికి దేశమంతటి నుంచి తప్పుకోవడం మామూలని వాతావరణ శాఖ లెక్క. మబ్బు తొలగితే రాత్రిపూట నేల వేడి అడ్డం లేకుండా ఆకాశంలోకి పోతుంది. నేలా, గడ్డిపరకా చల్లబడతాయి. గాలిలో తేమ ఇంకా మిగిలే ఉంటుంది గనుక అది ఆకు మీద నీటిబొట్టై కూర్చుంటుంది. శరత్కాలపు ఆకాశం అంత నిర్మలంగా ఉండడానికీ, మా కాళ్లు తడవడానికీ కారణం ఒక్కటే.

గుట్ట కింద బీడులో తంగేడు విరగబూసి ఉంది. పశువులు, మేకలు దాని జోలికి అంతగా పోవు. వానలు లేకున్నా ఓర్చుకుంటుంది. పూర్వం దాని బెరడును తోళ్లు పదును చేయడానికి వాడేవారు. 2014లో అది రాష్ట్ర పుష్పం అయింది. మాకు కావలసినంత తంగేడు అరగంటలో దొరికింది.

గునుగు మాత్రం ఆ పక్కన ఒక ముసలవ్వ చేలో దొరికింది. కంది, జొన్న కలిపి వేసుకున్న చిన్న చెల్క అది. మందు కొట్టలేదు. గునుగు తెల్లటి మంటల్లా నిలబడి ఉంది. అడిగితే అవ్వ కాదనలేదు.

"కోసుకపో బిడ్డా. ఏర్లతోని మాత్రం పీకకు. ఒడ్డు పొంటి ఉన్నయి ఇడిసిపెట్టు. అన్ని కోస్తె వచ్చేటేడు మీ చెల్లె ఏంతోని పేరుస్తది?"

ఆ మాట విన్నాక ఒక గునుగు కంకిని చేతిలోకి తీసుకుని చూశాను. ఈ కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కొసన మొగ్గలు ఇంకా విచ్చుకుంటూ ఉండగానే అడుగున గింజలు పండి ఉంటాయి. నల్లగా, నున్నగా, ఆవగింజ కంటె చిన్నవి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. గునుగు ఏడాది మొక్క. ఈ ఏటి గింజ నేలలో పడకపోతే వచ్చే ఏటికి మొక్క లేదు. మనం పువ్వు అనుకుని తెచ్చేదానిలో సగం విత్తనమే. అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు గాని ఒడ్డు పొంటి విత్తనబ్యాంకు నడుపుతున్నది.

ఇంకొక సందేహం దారిలో చెల్లె అడిగింది. "అన్నా, దసరా వస్తున్నదని గునుగుకు ఎట్ల తెలుస్తది?" మంచి ప్రశ్న. 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు మీద ప్రయోగాలు చేసి, కొన్ని మొక్కలు పగటి పొడవును బట్టి పూస్తాయని చూపించారు. నిజానికి మొక్క లెక్కపెట్టేది రాత్రి పొడవును. ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ లెక్కలో తోడ్పడుతుంది. గునుగు పొట్టి పగళ్ల మొక్క. మన దగ్గర జూన్‌లో పదమూడు గంటలు దాటిన పగలు సెప్టెంబరు 22, 23 నాటికి పన్నెండు గంటలకు వస్తుంది. అది గునుగుకు కబురు.

అయితే పండుగ నడిచేది చంద్రుని లెక్కతో. చాంద్ర సంవత్సరం సుమారు 354 రోజులే. అట్లా వదిలేస్తే పండుగ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరిగి, కొన్నేండ్లకు ఎండాకాలంలో పడేది. గునుగు ఉండేది కాదు. సుమారు రెండున్నరేండ్లు దాటాక వచ్చే అధికమాసం ఆ తేడాను సరిచేస్తుంది. 2020లో ఆశ్వయుజమే అధికమాసంగా వచ్చింది. సెప్టెంబరు 17న మహాలయ అమావాస్య అయినా బతుకమ్మ అక్టోబరులో జరిగింది. మన పెద్దలు చంద్రుణ్ణి, సూర్యుణ్ణి ఒక ముడి వేసి పెట్టారు. పువ్వూ పండుగా ఆ ముడి వల్లనే ఏటా కలుసుకుంటున్నాయి.

ఇంటికి వచ్చాక అమ్మ గునుగును కట్టలు కట్టి, కొన్నింటిని ఎరుపు, నీలం రంగు నీళ్లలో ముంచింది. ఈ పువ్వు వాడదు. ఎందుకంటే మనం రేకులనుకునేవి పొడిగా, కాగితంలా ఉండే పొరలు. వాటిలో నీరే అంతగా లేదు, ఇక వాడేది ఏముంది? తెలుపు గనుక రంగు పడుతుంది, గట్టిది గనుక బరువు మోస్తుంది. బతుకమ్మ గోపురంలా నిలబడుతుందంటే గునుగు బలమే. దీని లేత ఆకు కూరకు కూడా పనికొస్తుంది. మనం కలుపు అనే ఈ మొక్కనే నైజీరియాలో ఆకుకూరగా పండిస్తారు. "లాగోస్ స్పినాచ్" అనే పేరు దీనిదే.

సద్దుల నాడు చెరువు కట్ట మీద ఊరంతా చేరింది. ఆ జనంలో మా అమ్మను ఒకామె అడిగింది: "గునుగు యాడ దొరికింది వదినా? మేం పట్నంల కొనుక్కచ్చినం." కొనుక్కొచ్చిన గునుగు! విన్నవాళ్లంతా ఒక్క క్షణం ఊరుకున్నారు. ఎవరూ విత్తని పువ్వుకు వెల కట్టవలసి వచ్చింది. చుట్టూ చూస్తే గులాబీలు, చామంతులు ఎక్కువైన బతుకమ్మలే చాలా కనిపించాయి.

దసరా సాయంత్రం జమ్మికి పోయాం. జమ్మి ఆకును బంగారమని ఇచ్చి పెద్దల కాళ్లు మొక్కాం. దారిలో కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపిస్తే అందరూ దండం పెట్టారు. రెక్క విప్పినప్పుడు మెరిసే ఆ నీలం రంగు నిజానికి వర్ణకం కాదు, ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చేది. అది తినేది ఎక్కువగా చేలల్లోని పురుగులనే. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. జమ్మి ఉండేది ఒడ్డు మీద. పాలపిట్ట కాచుకుని కూర్చునేది ఒడ్డు పక్క తీగ మీద. తంగేడు ఉండేది బీడు మీద. గునుగు సాళ్ల సందున. మన దసరా మొత్తం మనం పండించని వాటితో నడుస్తున్నది. మనం దున్నకుండా, మందు కొట్టకుండా వదిలిన అంచుల మీద అది బతుకుతున్నది. ఆ అంచులు మాత్రం ఏటేటా సన్నబడుతున్నాయి.

రాత్రి భోజనాల దగ్గర బాపుతో మళ్లీ ఈ మాట తెచ్చాను. మందు మానమని అనలేదు. అమ్మ నడుమును తాకట్టు పెట్టి పువ్వు అడిగే హక్కు నాకు లేదు. ఒక్కటే అడిగాను: బోరు కాడ, పంట వెయ్యని మూల ఒకటి ఉంది గదా, అక్కడ పంపు కొట్టకుండా వదలమని. బాపు చాలాసేపు మాట్లాడలేదు. "దాని గింజ ఎగిరి చేన్ల పడ్తె?" అన్నాడు. రైతుగా అది అడగవలసిన ప్రశ్నే. చేన్లో మొలిస్తే మందు ఎట్లాగూ కొడతావు గదా అన్నాను. అమ్మ నవ్వింది. "సరే, ఆ మూల నీ చెల్లెది" అన్నాడు బాపు.

సెలవులు ముగిసి బస్సెక్కే రోజు పొద్దున చెల్లె, నేను దాచిపెట్టిన గునుగు కంకులను అరచేతుల్లో నలిచి, ఆ నల్లటి గింజలను బోరు పక్కన చల్లి వచ్చాం. పిడికెడు కూడా కాలేదు. గునుగును విత్తడం మా ఇంట్లో ఇదే మొదటిసారి. మొలుస్తుందో లేదో మిరుగం వానలు పడితే తెలుస్తుంది.

మిత్రులారా, మీలో ఎందరికో ఊళ్లో చేను ఉంది, చేనుకు ఒక మూల ఉంది. వచ్చే సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒకసారి ఆ మూల దాకా నడిచి రండి.