దీర్ఘవ్యాధికీ ఒక జమాఖర్చుల పుస్తకం

మధుమేహం, రక్తపోటు జలుబు జ్వరాల వంటివి కావు. పది రోజులు మందు వాడి మరచిపోవడానికి వీలులేదు. పాల లెక్క, కిరాణా లెక్క శ్రద్ధగా రాసుకునే గృహస్థులు కూడా శరీరపు లెక్క రాసుకోరు. వైద్యునిగా నేను తరచు చూసే లోపమిది.

ఒక వైద్యుడు రాసిన మెట్‌ఫార్మిన్‌నే మరొకరు వేరే కంపెనీ పేరుతో రాస్తారు. పాత చీటీ చూపని రోగి రెండూ మింగుతాడు. నెల క్రితపు పరీక్ష కాగితం దొరకక మళ్ళీ చేయిస్తాడు. ధనమూ, ఆరోగ్యమూ రెండూ నష్టమే.

ఏమేమి రాయాలి?

తేదీ, పరగడుపు చక్కెర, భోజనానంతర చక్కెర, రక్తపోటు, బరువు, మందు అసలు పేరు, మోతాదు, ఖర్చు. హెచ్‌బిఎ1సి పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపుతుంది కనుక ప్రతినెలా అవసరం లేదు. వ్యాధి అదుపులో ఉన్నవారికి ఏడాదికి రెండుసార్లు, మందు మార్చినపుడు మూడు నెలలకొకసారి చాలు. కళ్ళు, పాదాలు, మూత్రపిండాల పరీక్షలు మాత్రం ఏటా తప్పనిసరి.

వంటింటి మందులనూ రాయండి. మెంతులు, కాకరరసం, నేరేడు గింజల చూర్ణం కూడా చక్కెరను తగ్గించగలవు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలతో కలిసినపుడు చక్కెర మితిమీరి పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం కలగవచ్చు. ‘ఆకుమందే కదా’ అని దాచడం ప్రమాదకరం.

‘ఆభా’ సంఖ్య

2021 సెప్టెంబరు 27న కేంద్రప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ ప్రారంభించింది. ఇందులో ఎవరైనా ఉచితంగా 14 అంకెల ‘ఆభా’ సంఖ్య పొందవచ్చు. పథకంలో చేరిన ఆసుపత్రులు, ప్రయోగశాలల నివేదికలను దీనితో జతపరచుకోవచ్చు. మీ అనుమతితోనే వైద్యులు వాటిని చూడగలరు. ఆ అనుమతిని ఉపసంహరించుకోవచ్చు కూడా. అయితే ఇది బీమా కాదు, చికిత్స ఖర్చు చెల్లించదు. మీరు ఇంట్లో త్రాగిన కషాయమూ దానంతట అందులోకి చేరదు. అందుచేత ఇంటి పుస్తకాన్ని మానరాదు.

ఆదా ఎలా?

వైద్యుని వద్దకు వెళ్ళేటపుడు ఈ పుస్తకాన్ని తీసుకువెళ్ళండి. ఒకే మందు రెండు పేర్లతో ఉన్నదేమో, జనఔషధి దుకాణంలో అదే మందు చౌకగా లభిస్తుందేమో అడగండి. అంకెలు బాగున్నాయని స్వయంగా మందు మానరాదు. మానవలసినదేదో, ఉంచవలసినదేదో నిర్ణయించడానికి వైద్యునికి ఆధారం ఆ అంకెలే.