మీకు తెలుసా? టోపీలవాడి కోతులకు అన్యాయం జరిగింది

టోపీలవాడి కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు అరుదు. చెట్టు కింద అతను కునుకు తీస్తే కోతులు బుట్టలోని టోపీలన్నీ ఎత్తుకుపోతాయి. ఎంత బతిమాలినా ఇవ్వవు. చివరికి విసుగెత్తి నెత్తిమీద మిగిలిన టోపీని నేలకేసి కొడితే, అవీ అలాగే విసిరికొడతాయి. మీకు తెలుసా, ఈ కథలో పాత్రలు తారుమారయ్యాయి! ఎదుటివాళ్లు చేసింది చేసినట్టు దించేయడంలో కోతిగానీ, దానికంటే తెలివైన చింపాంజీగానీ మనిషి పిల్లకు సాటిరావు.

2005లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ఒక పెట్టెతో ఈ సంగతి తేల్చారు. పెట్టెకు పైన ఒక కన్నం, ముందువైపు ఒక చిన్న తలుపు. బహుమతి ఆ తలుపు వెనక ఉంటుంది. చేసి చూపించే మనిషి మొదట పైనున్న గడియ తప్పిస్తుంది. పుల్లతో పై కన్నంలో పొడుస్తుంది. ఆ తర్వాత ముందు తలుపు తీసి, అదే పుల్లతో బహుమతిని బయటికి లాగుతుంది. లోపల ఏముందో కనపడని పెట్టె ఇచ్చినప్పుడు ఉగాండాలోని ఎన్‌గాంబా దీవి చింపాంజీలు ఈ పనులన్నీ చూసినట్టే చేశాయి. తర్వాత అలాంటిదే, లోపలంతా కనిపించే పెట్టె ఇచ్చారు. పై కన్నానికీ బహుమతికీ మధ్య అడ్డు ఉందని, పైన ఎంత పొడిచినా దండగేనని ఇప్పుడు కంటికే తెలుస్తోంది. చింపాంజీలు పైపని ఎక్కువగా వదిలేసి సూటిగా తలుపు దగ్గరికి పోయాయి. మూడు నాలుగేళ్ల మనిషి పిల్లలు మాత్రం దండగని కనిపిస్తున్నా గడియ తప్పించి, పైన పొడిచి, ఆ తర్వాతే తలుపు తీశారు.

పిల్లలు మొహమాటపడ్డారేమో అనుకోవచ్చు. యేల్ విశ్వవిద్యాలయంలో డెరెక్ లయన్స్ బృందం ఆ అనుమానం కూడా తీర్చింది. సీసాలోని బొమ్మ డైనోసార్‌ను బయటికి తీసేముందు ఒక పెద్దమనిషి సీసాను ఈకతో తడతాడు. ఇందులో అక్కర్లేని పని ఏదో చెప్పమంటే పిల్లలు ఈక సంగతి చెప్పేశారు, మెప్పూ పొందారు. అంత శిక్షణ అయ్యాక కొత్త వస్తువు చేతికిస్తే మళ్లీ పెద్దవాళ్లు చేసిన పనికిరాని పనులన్నీ తు.చ. తప్పకుండా చేశారు. ఈ ఫలితం 2007లో అచ్చయింది. కలహారీ ఎడారిలోని బుష్‌మన్ పిల్లల్లోనూ ఇదే లక్షణం కనిపించింది కాబట్టి ఇది నర్సరీ చదువుల పుణ్యమని అనడానికి లేదు.

ఇది తెలివితక్కువతనం అంటారా? నేననను. మనిషి చేసే పనుల్లో సగానికి కారణం చేసేవాళ్లకే తెలియదు. ఆవకాయ పెట్టే రోజున తడి చెయ్యి దగ్గరికి రానివ్వరు. ముక్కలు గుడ్డతో తుడుస్తారు, జాడీ ఎండలో పెడతారు, చివరికి వాసెన కడతారు. బూజు ఎందుకు పడుతుందో తెలిసి కాదు, అమ్మమ్మ అలా చేసింది కాబట్టి. అందులో ఏ మెట్టు అవసరం, ఏది అమ్మమ్మ చాదస్తం అని ఏడేళ్ల పిల్ల తేల్చుకోలేదు. అన్నీ నేర్చేసుకోవడమే క్షేమం. చింపాంజీ తెలివి చింపాంజీకి చాలు, దానికి ఆవకాయ లేదు.

కోతుల వైపు వాదన కూడా వినాలి. జపాన్‌లోని కోషిమా దీవిలో 1953లో ఇమో అనే ఏడాదిన్నర ఆడకోతి, ఇసకంటిన చిలగడదుంపను నీళ్లలో కడుక్కుని తినడం మొదలుపెట్టింది. ఈ సంగతి ముందుగా గమనించింది అక్కడి బడి టీచరు సత్సుయె మితో. ఆ అలవాటు ఇమో తల్లికి, తోటి పిల్లలకి పాకింది. అయిదేళ్లు గడిచాక లెక్క తీస్తే రెండేళ్లకూ ఏడేళ్లకూ మధ్య వయసున్న 19 కోతుల్లో 15 కడుక్కుంటున్నాయి. పెద్దవి 11 ఉంటే నేర్చుకున్నవి రెండే. కాబట్టి కోతులకు చూసి నేర్చుకోవడం రాదనలేం. కాకపోతే టోపీల కథలోలా ఒక్క క్షణంలో కాదు, ఏళ్లు పడుతుంది. అవి నిజంగా అనుకరించాయా, ఇమో పక్కన నీళ్లలో ఆడుతూ ఎవరికి వారే కనుక్కున్నాయా అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు.

చేతులు ఖాళీగా ఉంటే ఒకలా...

పద్నాలుగు నెలల పసివాళ్ల ముందు ఒకావిడ కూర్చుని, బల్లమీది దీపపు పెట్టెను నుదుటితో నొక్కి వెలిగించింది. ఆమె చేతులు రెండూ బల్లమీద ఖాళీగానే ఉన్నాయి. వారం తర్వాత అదే పెట్టె ఇస్తే 69 శాతం పిల్లలు వంగి నుదుటితో నొక్కారు. ఇంకో జట్టు పిల్లలకు అదే పని చూపించేటప్పుడు ఆవిడ చలేస్తున్నట్టు దుప్పటి కప్పుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఉంది. ఈసారి నుదురు వాడినవాళ్లు 21 శాతమే, మిగతావాళ్లు హాయిగా చేత్తో నొక్కేశారు. 'పాపం ఆవిడకి చేతులు ఖాళీ లేవు, నాకున్నాయిగా' అన్నట్టు. హంగరీకి చెందిన గెర్గెయ్ బృందం 2002లో చేసిన ప్రయోగం ఇది. పసివాళ్లకు అంత తర్కం అంటగట్టొద్దని తర్వాత కొందరు అభ్యంతరం చెప్పారు. ఏమైనా, ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే ఉయ్యాలలో ఉన్నవాళ్ల ముందు కొంచెం జాగ్రత్తగా ఉండాలనిపిస్తుంది.

బిట్టుకు రాని బందూరా

టెట్, డీఎస్సీ రాసినవాళ్లకు ఆల్బర్ట్ బందూరాను పరిచయం చెయ్యక్కర్లేదు. 1925లో కెనడాలో ముండేర్ అనే చిన్న ఊళ్లో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పి, 2021లో కన్నుమూసిన మనస్తత్వ శాస్త్రవేత్త. చూసి నేర్చుకోవడానికి ఆయన చెప్పిన అవధానం, ధారణ, పునరుత్పాదన, ప్రేరణ అనే నాలుగు మెట్లు బట్టీపట్టి, పక్కన 'బోబో బొమ్మ' అని రాసుకుని పరీక్షకు వెళ్లినవాళ్లు మన ఊళ్లలో లెక్కలేనంతమంది.

ఆ బోబో గాలి ఊదిన నిలువెత్తు బొమ్మ. కొడితే వాలి మళ్లీ లేస్తుంది. 1961లో అచ్చయిన ప్రయోగంలో బందూరా, డొరొథియా రాస్, షీలా రాస్ స్టాన్‌ఫర్డ్ నర్సరీకి చెందిన 72 మంది పిల్లల్ని తీసుకున్నారు. సగటు వయసు నాలుగేళ్ల నాలుగు నెలలు. 24 మంది ముందు ఒక పెద్దమనిషి బోబో మీదెక్కి కూర్చుని ముక్కుమీద గుద్దాడు, చెక్క సుత్తితో నెత్తిన బాదాడు, ఎగరేశాడు, గదంతా తన్నుకుంటూ తిరిగాడు. మధ్యమధ్య కేకలు. మరో 24 మంది చూసిన పెద్దమనిషి బోబో జోలికే పోకుండా వేరే బొమ్మలతో బుద్ధిగా ఆడుకున్నాడు. మిగతా 24 మందికి ఎవర్నీ చూపలేదు.

తర్వాత జరిగింది చాలామంది చెప్పకుండా దాటేస్తారు. పిల్లలందర్నీ ముందు మంచి మంచి బొమ్మలున్న గదిలోకి తీసుకెళ్లారు. ఆటలో మునిగిపోతుండగా, 'ఇవి వేరే పిల్లల కోసం ఉంచాం' అని ఆపేశారు. అంటే కావాలనే ఉడికించారు. ఆ ఉక్రోషంతో ఉన్నవాళ్లను బోబో, సుత్తి, టీ కప్పులు, రంగు పెన్సిళ్లు ఉన్న ఇంకో గదిలో వదిలి, ఇరవై నిమిషాలపాటు అద్దం వెనకనుంచి గమనించారు. కొట్టడం చూసినవాళ్లు కొట్టారు. ఊరికే కొట్టడం కాదు, అచ్చం అవే దెబ్బలు, అవే కేకలు. మగపిల్లలు మగమనిషిని చూసినప్పుడు ఇంకా రెచ్చిపోయారు.

దెబ్బలు తినడానికే తయారైన బొమ్మను కొట్టడం హింస ఎలా అవుతుందని అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. నన్నడిగితే బందూరా అసలు ప్రయోగం అది కాదు, 1965లో చేసింది. ఈసారి 66 మంది పిల్లలకు టీవీలో అయిదు నిమిషాల సినిమా వేశారు. అందులో కూడా బోబోకి దెబ్బలే. ముగింపు మాత్రం మూడు రకాలు. ఒకదాంట్లో కొట్టినవాడికి మిఠాయిలు, పానీయాలు, శభాష్‌లు. రెండోదాంట్లో చివాట్లు, దెబ్బలు. మూడోదాంట్లో ఏమీ లేదు. బొమ్మతో వదిలిపెడితే, చివాట్లు చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. మనమైతే 'శిక్ష చూపిస్తే బుద్ధొస్తుంది' అని రాసేసుకుని ఇంటికి వెళ్లేవాళ్లం. బందూరా ఇంకో అడుగు వేశాడు. ఆ పిల్లలకే పళ్లరసం, స్టిక్కర్ పుస్తకాలు చూపించి, 'సినిమాలో అతను ఏమేం చేశాడో చేసి చూపిస్తే ఇవి నీకే' అన్నాడు. దాంతో మూడు జట్ల మధ్య తేడా మాయమైంది. చివాట్లు చూసినవాళ్లు కూడా దెబ్బలన్నీ అప్పజెప్పారు.

అంటే అందరూ నేర్చుకున్నారు. కొందరు బయటపెట్టలేదంతే. పిల్లవాడు మన దుర్గుణం అనుకరించట్లేదంటే వాడికి అబ్బలేదని కాదు, ఇంకా అవసరం రాలేదని.

చూపేది ఒకటి, పట్టేది ఒకటి

బందూరా సిద్ధాంతాన్ని చదివి సీరియళ్లు తీసిన మనిషి ఒకాయన ఉన్నాడు. మెక్సికోకు చెందిన మిగెల్ సబీదో. 1975లో ఆయన తీసిన 'వెన్ కొన్‌మీగో' వయోజన విద్య కోసం అల్లిన కథ. ఉచితంగా చదువు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో ఒక ఎపిసోడ్‌లో చెబితే, మర్నాడు ఆ చోటికి సుమారు 25,000 మంది వచ్చిపడ్డారు. అక్కడ అధికారులకు పుస్తకాలు పంచడానికి చేతులు చాల్లేదు.

అదే పద్ధతిని దూరదర్శన్ దిగుమతి చేసుకుంది. 1984 జులైలో మొదలైన 'హమ్ లోగ్' సబీదో దారిలో వచ్చిందే. మనోహర్ శ్యామ్ జోషి రచన, 156 ఎపిసోడ్లు, చివర్లో నటుడు అశోక్ కుమార్ వచ్చి కాస్త హితబోధ. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగిళ్లల్లోనూ టీవీ ఉన్నచోట చూసేవాళ్లు. అందులో భాగవంతి అనే తల్లి, అన్నీ భరించి నోరెత్తని ఇల్లాలు. 'ఇలా ఉండకండమ్మా' అని చెప్పడానికి రాసిన పాత్ర. ప్రేక్షకుల్ని పరిశోధకులు వాకబు చేస్తే, చాలామంది ఆమెనే ఆదర్శంగా ఎంచుకున్నారని తేలింది. రచయిత ఏం చూపించాలనుకున్నాడనేది చూసేవాళ్లకు పట్టలేదు. వాళ్లు తమకు తెలిసిన అమ్మనే అందులో చూసుకున్నారు.

   

భయం కూడా అంటుకుంటుంది

ప్రయోగశాలలో పుట్టిపెరిగిన కోతులకు పాముల భయం ఉండదు. సూసన్ మినేకా అనే శాస్త్రవేత్త, అడవిలో పెరిగిన కోతులు పామును చూసి బెదిరిపోవడం వాటికి చూపించింది. కొద్దిసేపు చూస్తే చాలు, వాటికీ భయం పట్టుకుంది. నెలలు గడిచినా పోలేదు. ఇంకో చిత్రం. వీడియోను అతికించి, అదే కోతి పువ్వుల్ని చూసి హడలిపోతున్నట్టు చూపిస్తే మిగతా కోతులు లెక్కచెయ్యలేదు. బొమ్మ మొసలికి భయపడటం నేర్చుకున్నాయి, బొమ్మ కుందేలుకు భయపడటం మాత్రం నేర్చుకోలేదు. చూసినదల్లా ఎక్కదన్నమాట, ఎక్కే చోటు ముందే తయారుగా ఉండాలి. బల్లి కనపడగానే అమ్మ పెట్టే కేక పిల్లకు ఎందుకంత త్వరగా వచ్చేస్తుందో, కారు కింద పడతావని రోజూ చేసే హెచ్చరిక ఎందుకు ఎక్కదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మందూ అదే చోట ఉంది. 1967లో బందూరా కుక్కలంటే వణికే చిన్నపిల్లల్ని పోగుచేసి, భయం లేని నాలుగేళ్ల పిల్లవాడు కుక్కతో ఆడుకోవడం చూపించాడు. నాలుగు రోజుల్లో ఎనిమిదిసార్లు, ప్రతిసారీ కొన్ని నిమిషాలే. రోజురోజుకీ ఆ పిల్లవాడు కుక్కకు ఇంకాస్త దగ్గరయ్యేవాడు. చివరికి దాని బోనులోకే ఎక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత చూసిన పిల్లల్లో దాదాపు మూడింట రెండు వంతులమంది కుక్క ఉన్న బోనులోకి దిగి, గదిలో ఎవరూ లేకపోయినా దానితో ఉండగలిగారు. 'ఏం చెయ్యదురా, పట్టుకో' అని పెద్దవాళ్లు ముందుకు తోయలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు.

పక్కన కూర్చున్న పిల్ల

గుంట మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుడుతూ కూర్చున్న పిల్లకు ఎవరూ పాఠం చెప్పరు. అయినా పోచంపల్లిలో కొన్నేళ్లకు ఆ పిల్లే మగ్గమెక్కుతుంది. ఇలాంటి చదువును కొలవాలని మరిసెల్ కొరియా-చావెజ్, బార్బరా రొగాఫ్ ఒక ఏర్పాటు చేశారు. అక్కాచెల్లెళ్లో అన్నదమ్ములో ఇద్దర్ని పిలిచి, ఒకరికి ఒక బొమ్మ చెయ్యడం నేర్పిస్తారు. రెండోవాళ్లను 'నీ వంతు తర్వాత, నీకు వేరే బొమ్మ' అని పక్కన కూర్చోబెడతారు. వారం తర్వాత ముందు చెప్పకుండా, పక్కన కూర్చున్న పిల్లనే ఆ మొదటి బొమ్మ చెయ్యమంటారు.

గ్వాటెమాలాలోని మాయా కుటుంబాల పిల్లలు చాలావరకు చేసేశారు. తమ వంతు కాకపోయినా కళ్లు అప్పగించి చూశారు కాబట్టి. అమెరికా పిల్లలు ఆ ఖాళీలో పక్కచూపులు చూశారు, అల్లరి చేశారు, వారం తర్వాత వాళ్లకు ఎక్కువ సాయం కావాల్సి వచ్చింది. 2009లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అందులో ఒక చిన్న వివరం ఉంది. మాయా కుటుంబాల్లోనే తల్లులు ఎక్కువ ఏళ్లు బడికి వెళ్లి చదువుకున్న ఇళ్లలో, పిల్లలకు ఆ పక్కనుంచి చూసే శ్రద్ధ తగ్గింది.