తేనె శీసాలో తోబుట్టువులు

చలికాలం రాగానే తేనె శీసా అడుగున తెల్లని పలుకులు పేరుకుంటాయి. కల్తీ అనుకుని పారబోసేవాళ్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. మంచి తేనె కూడా పేరుకుంటుంది. ఒద్దికగా ఉన్న రెండు చక్కెరలు అక్కడ వేరుపడుతున్నాయి, అంతే.

చాలా పూల మకరందంలో ఉండేది సుక్రోజు, మన పంచదారే. గ్లూకోజు, ఫ్రక్టోజు ముడిపడిన జంట అది. తేనెటీగ తన ఎంజైముతో ఆ ముడి విప్పుతుంది. పట్టులో రెక్కలు విసిరి విసిరి, నీటిని నూటికి సుమారు 18 పాళ్లకు దించుతుంది. అంత చిక్కని రసంలో, నీళ్లలో తక్కువగా కరిగే గ్లూకోజు ముందు పలుకు కడుతుంది. ఫ్రక్టోజు జారుతూనే ఉంటుంది.

రెండింటి సరుకూ ఒకటే: 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. కార్బన్‌ను జంట బంధంతో పట్టుకున్న ఆక్సిజన్ గొలుసు కొసన ఉంటే ఆల్డోజు. గ్లూకోజు ఆ కోవది. ఒక్క కార్బన్ లోపలికి జరిగితే కీటోజు, ఫ్రక్టోజు అలాంటిది. కార్బన్ల లెక్కన మూడుంటే ట్రయోజు, ఐదుంటే పెంటోజు, ఆరుంటే హెక్సోజు. మన డీఎన్‌ఏలో ఉన్నది ఐదు కార్బన్ల చక్కెర.

పాల చక్కెరలోని గెలాక్టోజు సంగతి మరీ వింత. గ్లూకోజు నాలుగో కార్బన్ దగ్గరి కొమ్మను అటు నుంచి ఇటు తిప్పితే చాలు, గెలాక్టోజు అవుతుంది! ఇలా కొమ్మలు మార్చుకుంటూ పోతే ఆరు కార్బన్ల ఆల్డోజులు 16 వస్తాయి. వాటిలో గ్లూకోజు ఏదో జర్మన్ రసాయనవేత్త ఎమిల్ ఫిషర్ 1891లో తేల్చాడు. ఎక్స్ కిరణాల ఉనికే తెలియని రోజులవి. అద్దంలో బొమ్మల్లాంటి కుడి, ఎడమ రూపాల్లో అసలుది ఏదన్న చివరి చిక్కు మాత్రం అప్పుడు ఎవరికీ విడేది కాదు. ఆయన ఒకటి ఎంచుకున్నాడు. ఆ ఎంపిక సరైనదేనని 1951లో తేలింది. అప్పటికి ఫిషర్ లేడు.

నీళ్లలో ఈ గొలుసులు ఊరికే చాచుకుని ఉండవు. కాలి పట్టీకి కొక్కెం పెట్టినట్టు తమను తామే చుట్టుకుని వలయాలవుతాయి. ఆరు పరమాణువుల వలయంగా ఉన్న ఫ్రక్టోజు మహా తీపి. వేడి తగిలితే చాలా వలయాలు ఐదు పరమాణువులకు కుదించుకుంటాయి, తీపి తగ్గుతుంది. సెగలు కక్కే నీళ్లలో కలిపిన తేనె చప్పగా అనిపిస్తే ఇంకో చెంచా వేయకండి. కాస్త చల్లారనివ్వండి. వలయాలు మళ్లీ విచ్చుకుని, తీపి తిరిగి వస్తుంది.