సరిహద్దున నిలిచిన కొటియా పల్లెలు

విద్యార్థులారా! భూగోళపాఠమున మీరు రాష్ట్రముల హద్దుగీతలను చూచుచుందురు. ఆ గీతలమీదను మనుష్యులు నివసించుచున్నారను సంగతిని మనము తరచుగా మరతుము. సాలూరు పట్టణమునకు ఎగువ, తూర్పుకనుమలలో, కొటియా గ్రామములు కలవు. ఈ 21 పల్లెలును తమవేయని ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు రెండును వాదించుచున్నవి.

ఈ చిక్కెట్లు కలిగెను? 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేకరాష్ట్రమైనప్పుడు మదరాసు రాజధానిలోని కొంతభాగము దానిలో చేరెను. ఈ కొండలలో హద్దు తేటపడలేదు. 1968లో వ్యాజ్యము సుప్రీంకోర్టున కెక్కెను. ఇది పార్లమెంటు తీర్చవలసిన తగవని 2006లో ఆ న్యాయస్థానము చెప్పెను. 2021లో ఆంధ్రప్రదేశ్ అచ్చట కొన్ని పంచాయతీలకు ఎన్నికలు జరుపగా ఒడిశా మరల కోర్టు నాశ్రయించెను.

ఈ నేల పేదది కాదు. అల్లము, పసుపు, చోళ్లు, సామలు పండును. అడవిలో చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు లభించును. సాలూరునుండి కొరాపుటునకు పోవు 26వ నంబరు జాతీయరహదారియు దూరము కాదు. అయినను పచ్చి అల్లమును సంతకు మోసికొనిపోయిన రైతు దానిని తిరిగి కొండకు మోయలేక షావుకారు చెప్పిన ధరకే విడిచివచ్చును. అల్లమును శొంఠిగా ఎండబెట్టుటకును, పసుపును ఉడికించి ఆరబెట్టుటకును పల్లెలోనే కళ్లములు, గిడ్డంగి యున్నచో సరకు నెలల తరబడి నిలుచును. బేరమాడు శక్తి రైతునకు వచ్చును. ఇందులకు గొప్ప యంత్రములక్కరలేదు.

రెండు ప్రభుత్వములును పోటీపడి కార్డులను, పింఛనులను ఇచ్చుచున్నవి గదా, ఇది లాభమే గదా యని కొందరందురు. కార్డు ఆకలిని కొంత తీర్చును, నిజమే. కాని తాను దున్నుకొను నేలకు ఏ రాష్ట్రపు పట్టా చెల్లునో తెలియని రైతు ఆ నేలపై ధైర్యముగా మామిడితోట నెట్లు వేయును? ఇంట కువి పలుకు బిడ్డను ఒడియా బడికి పంపుటయా, తెలుగు బడికి పంపుటయా? ఉపాధ్యాయులమగు మమ్ము ఈ రెండవ ప్రశ్న మిక్కిలి బాధించుచున్నది.

హద్దు తేలువరకు వేచియుండవలసినదేనా? అదే కొరాపుటు జిల్లాలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో ఉత్పత్తి నారంభించెను. దానిని ఈ రెండు రాష్ట్రములే ఉమ్మడిగా నడపుచున్నవి. నీటిని, వెలుగును పంచుకొనగలిగినవారు ఒక వైద్యశాలను, ఒక గిడ్డంగిని, ఒక మంచిబడిని పంచుకొనలేరా?

మీలో రేపు ఉపాధ్యాయులు, వైద్యులు, అధికారులు కానున్నవారున్నారు. నాడు పటమున గీత గీయవలసివచ్చినప్పుడు, ఆ గీతక్రింద ఎవరి యిల్లున్నదో ముందుగా చూడుడు.