మీకు తెలుసా? గుప్పెడు బెల్లం, మూడు వేళ్ళ ఉప్పు



వారపత్రికల్లో 'మీకు తెలుసా?' అనే శీర్షిక కనిపిస్తే ముందు దాన్నే చదివేవారు మనలో చాలామంది ఉన్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వింతలో నాలుగు ముక్కల్లో చదువుతాము, ఔరా అనుకుంటాము, పేజీ తిప్పేస్తాము. మేము కూడా నర్సింగ్ విద్యార్థినులకు పాఠం చెప్పేటప్పుడు, మధ్యాహ్నం క్లాసులో కళ్ళు మూతలు పడుతున్నాయని తోచినప్పుడల్లా, ఇలాంటి వింత ఒకటి చెబుతూ ఉంటాము. మా వింతలన్నీ వైద్యానికి సంబంధించినవే. వాటిలో కొన్ని ఈ సంచికలో మీతో పంచుకుంటున్నాము. చివర చెప్పబోయే సంగతిని మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చదివి వినిపించమని మనవి.

ముందుగా చేతి గ్లౌజుల సంగతి. ఆపరేషన్ గదిలో డాక్టర్లు, నర్సులు రబ్బరు గ్లౌజులు వేసుకునేది రోగికి సూక్ష్మక్రిములు అంటకుండా ఉండటానికి. కానీ అవి మొదట పుట్టింది అందుకు కాదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి 1889లో ప్రారంభమైంది. అక్కడ ఆపరేషన్ గది హెడ్ నర్సు కారొలైన్ హాంప్టన్. ఆ రోజుల్లో చేతులు శుభ్రం చేసుకోవడానికి పాదరసం కలిసిన ఘాటైన మందునీళ్ళు వాడేవారు. వాటివల్ల ఆమె చేతుల చర్మం పాడైపోయింది. ఇక ఉద్యోగం మానుకోవలసిందే అనే పరిస్థితి వచ్చినప్పుడు సర్జను విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పలుచటి గ్లౌజులు ప్రత్యేకంగా చేయించారు. 1890లో వారిద్దరికీ వివాహం కూడా అయింది. గ్లౌజుల వల్ల రోగులకు మేలు జరుగుతుందని వైద్యలోకం గ్రహించింది ఆ తరువాతనే. ఒక నర్సు చేతుల కోసం వచ్చిన వస్తువు ఇది అని చెప్పగానే మా విద్యార్థినుల నిద్ర ఎగిరిపోతుంది!

డాక్టరు గారి మెడలో వేలాడే స్టెతస్కోపు కూడా మొదట కాగితపు గొట్టమే. 1816లో పారిస్‌లో డాక్టర్ లేనెక్ ఒక యువతి గుండె చప్పుడు వినవలసి వచ్చింది. ఆ రోజుల్లో పద్ధతి ప్రకారం రోగి ఛాతీకి చెవి ఆనించి వినడం ఆయనకు మర్యాదగా తోచలేదు. కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి, ఒక కొన ఆమె ఛాతీ మీద, రెండో కొన తన చెవికి పెట్టుకున్నారు. చప్పుడు మరింత స్పష్టంగా వినిపించింది. అదే ఆ తరువాత చెక్క గొట్టమయింది.

మన తెలుగువారి సంగతి కూడా ఒకటి చెప్పాలి. గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. దానిని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికా బృందానికి నాయకులు భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలై మనిషి చిక్కిపోయే జబ్బు అది. ఆయనకు కూడా అది సోకి, బ్రతికి బయటపడ్డారు. సముద్రాలు దాటి వెళ్ళాక ఆయన తయారు చేసిన ఆ మందు స్ప్రూ రోగులకు కూడా పనికొచ్చింది.

ఇక ఆస్ట్రియా దేశానికి వెళదాము. 1840లలో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవారు. రెండవదానిలో మంత్రసానులు, వారి శిష్యురాండ్రు చేసేవారు. 1846లో డాక్టర్ల వార్డులో ప్రతి 100 మంది తల్లుల్లో 11 మందికి పైగా చనిపోయారు. మంత్రసానుల వార్డులో 3 కంటే తక్కువ. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. మమ్మల్ని ఆ వార్డుకు పంపవద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడేవారు. కారణం కనిపెట్టింది ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు. వైద్య విద్యార్థులు ఉదయం శవపరీక్షలు చేసి, ఆ చేతులతోనే కాన్పుల వార్డుకు వచ్చేవారు. మంత్రసానులకు శవపరీక్షల పని లేదు. అంతే తేడా. 1847 మే నెలలో ఆయన అందరి చేతులూ క్లోరిన్ సున్నపు నీళ్ళతో కడిగించడం మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో 100కి 18 మంది చనిపోయిన వార్డులో జూన్‌లో చనిపోయింది 100కి ఇద్దరే.

అసలు వింత ఇది కాదు. అంత స్పష్టంగా లెక్కలు చూపించినా తోటి డాక్టర్లలో చాలామంది నమ్మలేదు. మా చేతులు మురికివా అని కోపగించుకున్నారు. ఆయన 1865లో, 47 ఏళ్ళ వయసులో, పిచ్చాసుపత్రిలో గాయం చీము పట్టి మరణించారు. ఈ కథ చదివినప్పుడల్లా మాకు ఆ మంత్రసానుల మీద గౌరవం పెరుగుతుంది.

ఇటువంటిదే మరొకటి, కొంచెం సంతోషంగా ముగిసింది. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లలకు ఇంక్యుబేటర్లు చాలలేదు. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురిని పెట్టేవారు, ఒకరి జబ్బు ఒకరికి అంటుకునేది. డాక్టర్ ఎడ్గార్ రే ఆ పిల్లలను తల్లుల ఛాతీకి, చర్మానికి చర్మం ఆనేలా కట్టించారు. దీనికే కంగారూ సంరక్షణ అని పేరు. పేద దేశాల సర్దుబాటు వైద్యం అని మొదట కొందరు తేలిగ్గా తీసుకున్నారు. 2021లో మన దేశంతో సహా 5 దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. బరువు తక్కువగా పుట్టిన పిల్లలను నిలకడపడే దాకా ఆగకుండా వెంటనే తల్లి ఛాతీ మీద పెడితే, మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లికి ఓపిక లేకపోతే తండ్రి గానీ అమ్మమ్మ గానీ కూడా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీరు పెద్దవాళ్ళకు చదివి వినిపించవలసిన సంగతికి వచ్చాము.

'లంఖణం పరమౌషధం' అని మన పెద్దలు అంటారు. కొన్ని జబ్బులకు అది సరిపోవచ్చునేమో గానీ, నీళ్ళ విరేచనాలు పట్టిన పసిబిడ్డకు అది ప్రాణాంతకం. మా పిల్లల వార్డులో నేటికీ వినిపించే మాటలు రెండు. ఒకటి, "నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఆపేశాము సిస్టరమ్మా." రెండోది, "ఈ పొడి నీళ్ళెందుకు, ఒక సెలైన్ బాటిల్ ఎక్కించండి." మొదటి మాట చెప్పిన బిడ్డ నాయనమ్మ మీద మేము కోప్పడము. ఆమె ప్రేమతోనే ఆపింది. కానీ అప్పటికి బిడ్డ కళ్ళు లోతుకు పోయి ఉంటాయి, మాడు గుంటపడి ఉంటుంది, ఏడిస్తే కన్నీరు రాదు.

విరేచనాలతో బిడ్డ చనిపోయేది ఒంట్లో నీరు, ఉప్పు పోవడం వల్ల. పోయిన దానిని పోయినంతగా తిరిగి పోస్తే బిడ్డ నిలుస్తుంది. అయితే ఉత్త ఉప్పునీళ్ళు తాగిస్తే పేగు సరిగా పీల్చుకోదు. ఇక్కడే వింత ఉంది. ఆ నీళ్ళలో తగినంత చక్కెర కలిస్తే, చక్కెర తాను పేగులోంచి ఒంట్లోకి వెళుతూ ఉప్పును చెయ్యి పట్టుకుని వెంట తీసుకువెళుతుంది, ఆ రెండింటి వెనుక నీరు వెళుతుంది. కలరా లాంటి భయంకరమైన విరేచనాల్లో కూడా పేగులో ఈ దారి మూసుకుపోదు. 1953లోనే కలకత్తాలో డాక్టర్ హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది రోగులకు ఇలా నోటి ద్వారా ఇచ్చి నయం చేశానని లండన్ పత్రికలో వ్రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో ఇద్దరు అమెరికన్ డాక్టర్లు పరీక్షించి చూపించారు. అయినా ఇది పెద్ద ఆసుపత్రిలో, నిపుణుల పర్యవేక్షణలో తప్ప కుదరదన్నారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. సరిహద్దులోని బన్‌గావ్ పట్టణంలో కలరా చెలరేగింది. ఆసుపత్రి గదుల్లో రోగులు నేల మీద, తమ విరేచనాల్లోనే పడి ఉన్నారు. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. అక్కడి వైద్య బృందాన్ని నడిపిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక సాహసం చేశారు. కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేయించి ప్లాస్టిక్ సంచుల్లో కట్టించి తెప్పించారు. వాటిని డ్రమ్ముల్లో నీళ్ళలో కలిపి, రోగుల బంధువుల చేతికే గ్లాసులు ఇచ్చి తాగించమన్నారు. ఎక్కించేదే సెలైన్ అని నమ్మే జనానికి ఇది 'నోటి సెలైన్' అని చెప్పారు. 100కి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు 4 కంటే తక్కువకు దిగాయి. అక్కడ తాగించినది తల్లులు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

తరువాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుండి పదేళ్ళపాటు ఊరూరా, ఇంటింటికీ మహిళా కార్యకర్తలను పంపింది. మూడు వేళ్ళతో పట్టినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు అని తల్లులకు చేసి చూపించడమే వారి పని. దాదాపు కోటీ ఇరవై లక్షల ఇళ్ళకు వెళ్ళారు. కార్యకర్తకు జీతం ఎలా ఇచ్చేవారో తెలుసా? ఎన్ని ఇళ్ళు తిరిగింది అని కాదు. కొన్నాళ్ళకు మరొకరు వెళ్ళి తల్లులను ప్రశ్నలు అడిగేవారు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత జీతం! ఈ పద్ధతి మన దగ్గర పాఠాలు చెప్పేవారందరికీ పెడితే ఎలా ఉంటుందో అని మేము నవ్వుకుంటూ ఉంటాము.

ఆ దేశపు పాత చీర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కలరా క్రిములు చెరువు నీటిలోని కంటికి ఆనని పురుగులను అంటిపెట్టుకుని ఉంటాయి. రీటా కాల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాలలో జరిపిన పరిశీలన 2003లో వెలువడింది. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి నీళ్ళు వడకట్టిన ఊళ్ళలో కలరా దాదాపు సగం తగ్గింది. కొత్త చీర కంటే ఉతికి ఉతికి నలిగిన పాత చీరే మేలు, దాని పోగులు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి. వడకట్టినంత మాత్రాన అన్ని క్రిములూ పోవు. వీలున్న ఇంట్లో పసిపిల్లలకు కాచిన నీళ్ళే పట్టండి.

ఇప్పుడు మన ఇంటి పని. అక్కడ బెల్లంతో చేశారు గదా అని మీరు ఉప్పు ఉజ్జాయింపుగా వేయవద్దు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో దొరుకుతుంది. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. చిన్న ప్యాకెట్లు కూడా ఉన్నాయి, దేనికి ఎన్ని నీళ్ళో ప్యాకెట్ మీద చూడండి. పాలలో, పళ్ళరసంలో కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. ప్యాకెట్ దొరికేలోపు లీటరు నీళ్ళలో చక్కెర 6 చెంచాలు, ఉప్పు అర చెంచా, టీ చెంచాతో తలకొట్టి కొలిచి వేసుకోవచ్చు. రంగు రంగుల అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు మాత్రం ఓ.ఆర్.ఎస్. కాదు. అవి విరేచనాలను ఇంకా పెంచుతాయి. అలాంటి వాటి మీద ఓ.ఆర్.ఎస్. అనే పేరు వేయరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. దీని కోసం ఏళ్ళ తరబడి పోరాడింది మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు.

రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత పావు నుండి అర గ్లాసు, ఆ పై పిల్లలకు అర నుండి ఒక గ్లాసు పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో రెండు మూడు నిమిషాలకు ఒకసారి ఇవ్వండి. తల్లిపాలు ఆపకండి. గంజి, పెరుగన్నం, పప్పన్నం తినేబిడ్డకు అవి పెట్టండి. విరేచనాలు ఆగినా, ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన జింకు మాత్రలు 14 రోజులూ వేయాలి.

బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, విరేచనంలో రక్తం పడినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటున్నా రాత్రి అని చూడకుండా తీసుకురండి. దారి పొడుగునా ఆ నీళ్ళు చెంచాతో పడుతూనే రండి.