సముద్రపుటొడ్డున సహపంక్తి భోజనం

హవాయి అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేవి రబ్బరు చెప్పులే! పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ ఆ పేరుతో దీవులున్నాయనీ, 1959 నుంచి అవి అమెరికాలో ఒక రాష్ట్రమనీ చదువుకున్నాం. మెడలో పూలదండలతో నడుములూపుతూ ఆడే అమ్మాయిల్ని సినిమాల్లో చూశాం. కానీ రెండొందల ఏళ్ళ కిందట ఆ దీవుల్లో ఇద్దరు ఆడవాళ్ళు భోజనాల దగ్గర ఎంత పెద్ద కట్టుబాటుని బద్దలు కొట్టారో తెలుసా? ఇవాళ యాత్రికులు టికెట్టు కొనుక్కుని తినే 'లువావ్' విందు వెనక ఉన్నది ఆ కథే.

మా మరిది కాలిఫోర్నియాలో ఉంటాడు. అతను పిలవగా కిందటేడు మావారూ, నేనూ, అత్తయ్యా హనుమాన్ జంక్షన్ నుంచి బయల్దేరి వెళ్ళాం. పిల్లలకి సెలవులిచ్చాక అందరం కలిసి హవాయి వెళ్దామన్నాడు. కాలిఫోర్నియా నుంచి కూడా విమానంలో ఐదు గంటల పైచిలుకే! హొనొలులు నగరం ఉన్న ఓహూ దీవిలో దిగాం. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఒక సాయంత్రం లువావ్ చూడాల్సిందేనట. టికెట్టు మనిషికి నూట యాభై డాలర్ల పైమాటే. అంటే మన డబ్బుల్లో పన్నెండు వేలు దాటింది. "ఇంతమందికి ఒక్క పూట భోజనానికా! ఆ డబ్బుతో మనూళ్ళో బారసాల చేసెయ్యొచ్చు" అన్నారు అత్తయ్య.

సాయంత్రం నాలుగింటికి బస్సెక్కించుకుని దీవికి పడమటి వైపు తీసుకెళ్ళారు. కొబ్బరిచెట్ల మధ్య పొడుగాటి బల్లలు, ఎదురుగా వేదిక, దాని వెనకాల సముద్రం. వాతావరణం మన మంగినపూడి తీరంలాగే ఉక్కగా, ఉప్పగా ఉంది. గుమ్మం దగ్గరే ఒకమ్మాయి "అలోహా" అంటూ ఒక్కొక్కరి మెడలో దేవగన్నేరు పూలదండ వేస్తోంది. దాన్ని 'లేయ్' అంటారు. అత్తయ్య వెనక్కి తగ్గేలోపే ఆవిడ మెడలోనూ పడింది దండ.

మామయ్యగారు పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నించీ అత్తయ్య పువ్వు ముట్టుకునేది దేవుడికో, మాకు మాల కట్టడానికో తప్ప తనకోసం కాదు. చెయ్యి గబుక్కున దండ మీదికెళ్ళింది. "తియ్యకమ్మా! వేసినవాళ్ళ ఎదురుగా తీసేస్తే వాళ్ళని అవమానించినట్టు ఇక్కడ" అన్నాడు మరిది. ఆవిడేం మాట్లాడలేదు. దండ మీదుగా పమిట నిండా కప్పుకున్నారు.

చేమాకే విందు పేరు

లువావ్ అంటే అసలర్థం చేమాకు! లేత చేమాకుని కొబ్బరిపాలల్లో ఉడికించి చేసే కూర విందుల్లో తప్పకుండా ఉండేదట. పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచీ ఆ కూర పేరే విందుకి స్థిరపడిపోయింది. అంతకుముందు 'అహా ఆయినా' అనేవారు. మన వేపుళ్ళలోకీ పులుసుల్లోకీ వాడే చేమదుంపే అక్కడివాళ్ళకి అన్నం. దాన్ని ఉడికించి, రాతి పొత్రంతో దంచి, నీళ్ళు కలిపి 'పోయి' అనే జావలాంటిది చేస్తారు. బూడిదరంగూ ఊదారంగూ కలిసినట్టుంటుంది. రెండ్రోజులు నిలవుంటే తరవాణిలా పులుస్తుంది.

వాళ్ళ పురాణం ప్రకారం ఆకాశపురుషుడికి పుట్టిన మొదటి బిడ్డ ఊపిరి లేకుండా పుడితే మట్టిలో పాతారు. అక్కడ మొలిచిందే చేమ మొక్క. రెండోసారి పుట్టిన బిడ్డ మనుషులకి మూలపురుషుడు. అంటే చేమ మొక్క మనిషికి అన్నగారన్నమాట! అందుకే పోయి గిన్నె మూత తీశాక భోజనం దగ్గర ఎవరూ పోట్లాడుకోకూడదని పెద్దల మాట. ఈ నియమం మన ఇళ్ళల్లో కూడా పెడితే బావుండు.

విందులో అందరూ చుట్టూ మూగి చూసేది 'ఇము' తెరవడం. ఇము అంటే నేలలో తవ్విన పొయ్యి. గోతిలో కియావే కట్టెలు మండించి అగ్నిపర్వతపు రాళ్ళని ఎర్రగా కాలుస్తారు. ఈ కియావే మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం. రాళ్ళ మీద అరటిబోదె చీలికలు, ఆకులు పరిచి, పందిని ఉంచి, మళ్ళీ ఆకులూ తడి గోనెలూ కప్పి, పైన మట్టి వేసి గంటల తరబడి వదిలేస్తారు. ఆవిరికే మగ్గిపోతుంది.

అత్తయ్య మాంసం తినరు. టికెట్లు తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పడం వల్ల అన్నం, కూరగాయలు, చిలగడదుంప, పోయి, అనాస ముక్కలు, కొబ్బరిపాలతో చేసే 'హావుపియా' అనే తీపి బిళ్ళలు ఆవిడకి సరిపోయాయి. వెళ్ళే శాకాహారులెవరైనా ముందే చెప్పుకోవడం మంచిది. పోయి వేలితో నాకి చూసి, "బంగారంలాంటి చేమదుంపని ఇలా జావ చేశారేంటమ్మాయ్! చక్కగా వేయించుకోక" అన్నారావిడ.

"తర్వాత తింటాలే"

బల్లలవారీగా పిలిచి వడ్డన దగ్గరికి పంపుతున్నారు. మా బల్ల వంతు రాగానే అందరం లేచాం. అత్తయ్య మాత్రం పిల్లల పళ్ళేలు సర్దుతూ, "మీరు తెచ్చుకోండి, నేను తర్వాత తింటాలే" అన్నారు. యాభై ఏళ్ళ అలవాటది. మా మరిది కూతురికి పదేళ్ళు. "నానమ్మా, ఇక్కడ తర్వాత అంటూ ఉండదు. తీసేస్తారు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. కొడుకులిద్దరి మధ్యా కూచుని, వాళ్ళతోపాటే మొదటి ముద్ద తిన్నారావిడ. నా పెళ్ళయ్యాక నేను చూడ్డం అదే మొదలు.

అసలు కథ ఇక్కడే ఉంది. పూర్వం హవాయిలో 'కపు' అనే కట్టుబాట్లుండేవి. మన మడీ మైలలాంటివే గానీ ఇంకా కఠినం. ఆడా మగా కలిసి తినకూడదు. పందిమాంసం, కొబ్బరి, చాలారకాల అరటిపళ్ళు, కొన్ని జాతుల చేపలు ఆడవాళ్ళు ముట్టకూడదు. మగవాళ్ళకి వేరే పొయ్యి, ఆడవాళ్ళకి వేరే పొయ్యి. విచిత్రమేమిటంటే రెండు పొయ్యిల మీదా వండేది మగవాళ్ళే! కపు తప్పితే ప్రాణం తీసే శిక్ష కూడా పడేది.

దీవులన్నిటినీ ఏకం చేసిన కమేహమేహ రాజు 1819 మే నెలలో చనిపోయాడు. ఆయన కొడుకు లిహోలిహో గద్దెనెక్కాడు. కొత్త రాజుని కన్నతల్లి కెఓపుఓలాని పుట్టుకరీత్యా దీవులన్నిట్లోకీ ఉన్నత వంశస్థురాలు. పెద్ద రాజుకి ప్రియమైన భార్య కాహుమాను రాజ్యభారంలో కొత్త రాజుతో సమానంగా అధికారం చేపట్టింది. ఈ ఇద్దరూ కలిసి ఆ నియమం ఇక చాలన్నారు. 1778లో కెప్టెన్ కుక్ వచ్చినప్పట్నించీ ఓడలవాళ్ళు ఆడవాళ్ళతో కలిసి తింటున్నా ఏ దేవుడూ వాళ్ళని శిక్షించకపోవడం అప్పటికే జనం కళ్ళారా చూస్తున్నారు. ముందు తల్లి తన చిన్నకొడుకుని పక్కన కూచోబెట్టుకుని తింది. నవంబరులో కైలువాలో పెద్ద విందు జరిగింది. మగవాళ్ళకో బల్ల, ఆడవాళ్ళకో బల్ల. రాజు రెండు బల్లల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వెళ్ళి ఆడవాళ్ళ బల్ల దగ్గర కూచుని తినడం మొదలెట్టాడు. అంతే! శతాబ్దాల కట్టుబాటు ఒక్క పూట భోజనంతో కూలిపోయింది. క్రైస్తవ మిషనరీలు ఆ దీవుల్లో దిగింది ఆ మరుసటేడు, 1820లో. అంటే బయటివాళ్ళొచ్చి బోధించకముందే ఇంటి ఆడవాళ్ళు తేల్చేసుకున్నారు. ఊరికే ఏం కాలేదు. పాత పద్ధతే కావాలన్న రాజబంధువొకాయన తిరగబడితే ఆ డిసెంబరులోనే యుద్ధం జరిగింది. పాతవైపు నిలబడ్డ ఆయనా, పక్కనే పోరాడిన ఆయన భార్య మనోనో ఇద్దరూ అందులో ప్రాణాలొదిలారు.

మన దగ్గరా సహపంక్తి భోజనాలు జరిగాయి. కులాల గోడలు కూలాలని సంస్కర్తలు ఊరూరా అందర్నీ ఒక వరసలో కూచోబెట్టారు. గొప్ప సంగతే. కానీ ఒకే ఇంట్లో, ఒకే కంచాల బొత్తిలోంచి, ఆడవాళ్ళు కూడా అదే బంతిలో కూచోవాలని ఎంతమంది పట్టుబట్టారు? మనల్ని శిక్షించే రాజెవరూ లేడు. అయినా కూర అడుగంటాక, అన్నం చల్లారాక, గిన్నెలు గీకి తినేది మనమే. దానికి 'మర్యాద' అని పేరొకటి.

సొరబుర్ర మోగితే

చీకటి పడ్డాక ఆట మొదలైంది. నడుములు గిరగిరా తిప్పే వేగం ఆట హవాయిది కాదు, తహితీ దీవులది. నిప్పుల కత్తి గిరగిరా తిప్పేది సమోవా వాళ్ళ విద్య. చూసేవాళ్ళ సరదాకి అన్నీ కలిపి వడ్డిస్తారు. హవాయి వాళ్ళ సొంత నృత్యం 'హులా'. పాతపద్ధతి హులాకి గాత్రమూ, 'ఇపు' అనే సొరబుర్ర వాద్యమూ తోడు. బుర్రని నేలకేసి కొట్టి, అరచేత్తో తడుతూ తాళం వేస్తారు. కొత్తపద్ధతికి 'ఉకులేలే' మోగిస్తారు. 1879లో పోర్చుగీసు వలస కూలీలు తెచ్చిన చిన్న గిటారు రకం వాద్యమే అక్కడ ఆ పేరుతో తయారైంది.

హులాలో చూడాల్సింది నడుముని కాదు, చేతుల్ని. అల, వాన, పువ్వు, కొండ... ప్రతిదానికీ ఒక హస్తముంది. లాకా అనే దేవతని కొలిచి మొదలుపెట్టే సంప్రదాయం వాళ్ళది. అమ్మవారికి దణ్ణం పెట్టి గజ్జె కట్టే మన పద్ధతి గుర్తొచ్చింది. గుడివాడ, పామర్రు దాటితే కూచిపూడి మాకు ఎంతో దూరం కాదు. ఆ ఊరి సంప్రదాయంలో సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారి భామని చూసి ఆడవాళ్ళే అసూయపడేవారట! తర్వాత వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకి నేర్పారు. ఇవాళ ఆ నాట్యం నిలబడిందే వాళ్ళ పాదాల మీద.

హులాకీ గండం వచ్చింది. అన్నం బల్ల దగ్గర అంత ధైర్యం చూపిన కాహుమానే, క్రైస్తవం పుచ్చుకున్నాక 1830లో బహిరంగంగా హులా ఆడకూడదని నిషేధించింది! ఒక కంచె పీకిన చెయ్యే ఇంకో కంచె నాటిందన్నమాట. ఆడేవాళ్ళు మాత్రం మానలేదు. చాటుగా నేర్పుకుంటూ, నేర్చుకుంటూ కాపాడుకున్నారు. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకంలో అందరి ఎదుటా ఆడించి గౌరవం తిరిగి ఇచ్చాడు. ఆయన పేరు మీద హీలో పట్నంలో ఏటా ఉత్సవం జరుగుతోంది. అక్కడ 1971 నుంచీ హులా పోటీలున్నాయి. ఆ రాజు చెల్లెలే చివరి రాణి లిలియోకలాని. 'అలోహా ఓయె' పాట రాసింది ఆవిడే. 1893లో వ్యాపారులు అమెరికా సైన్యం అండతో ఆవిణ్ణి గద్దె దించారు. సరిగ్గా నూరేళ్ళకి, 1993లో, అమెరికా కాంగ్రెసు క్షమాపణ తీర్మానం చేసింది. నవ్వుతూ మనకి దండలు వేసి వడ్డించేవాళ్ళ వెనక ఇంత కథ ఉంది.

పువ్వు ఎవరిది?

చివర్లో ఒకావిడ వేదిక మీదికొచ్చింది. అరవై దాటి ఉంటాయి. జుట్టంతా తెల్లగా మెరుస్తోంది. భారీ మనిషి. చెవి వెనక పెద్ద పువ్వు పెట్టుకుని, తొణక్కుండా, నిదానంగా, చేతులతోనే సముద్రాన్ని చూపించింది. పడుచుపిల్లల ఆటకి ఈలలు వేసినవాళ్ళు కూడా నిశ్శబ్దమైపోయారు. అత్తయ్య కన్నార్పకుండా చూస్తూ, నా వైపు వంగి మెల్లగా అడిగారు.

"ఆవిడకి మొగుడున్నాడంటావా?"

ఎడమ చెవి వెనక పువ్వు పెడితే జోడు ఉన్నట్టు, కుడి చెవి వెనక పెడితే లేనట్టు అని అక్కడో వాడుక. ఎలా ఉన్నా పువ్వు మాత్రం ఉంటుంది! ఆ మాటే చెప్పాను. "ఇక్కడ అది అడిగి పూలివ్వరు అత్తయ్యా" అన్నాను. ఆవిడ మళ్ళీ వేదిక వైపు తిరిగారు. కాసేపయ్యాక చూస్తే పమిట భుజం మీదికి జరిపి ఉంది. దండ బయటికి కనిపిస్తోంది.

లేయ్‌ని చెత్తలో పారెయ్యకూడదంటారు. మర్నాడు పొద్దున అత్తయ్య దారం తెంపి, పూలు ఒక్కొక్కటే సముద్రంలో వదిలారు. ఏమనుకుని వదిలారో నేనడగలేదు.

హనుమాన్ జంక్షన్ తిరిగొచ్చాక ఆవిడ పూలేం పెట్టుకోవడం లేదు. అరవయ్యేళ్ళు దాటిన మనిషిని ఒక్క సాయంత్రం మార్చేస్తుందని చెబితే అది కథవుతుంది గానీ నిజమవదు. అయితే రాత్రి భోజనాలు మాత్రం మారాయి. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరం ఒకేసారి కూచుంటున్నాం. కావలసినవాళ్ళు వడ్డించుకుంటారు. మొదట్లో మావారు "మజ్జిగ!" అని కేకేసి, నేనూ తింటున్నానని గుర్తొచ్చి తనే లేచేవారు. ఇప్పుడు కేక కూడా మానేశారు.

మా నూజివీడు వైపు రసాల కాలంలో బుట్ట దిగితే, మంచి పండు మగవాళ్ళకీ పిల్లలకీ, దెబ్బతగిలిందీ టెంకా ఇంటి ఆడవాళ్ళకీ అన్నది రాయని చట్టం. ఈ వేసవిలో తోట నుంచి బుట్టొచ్చిన రోజున అత్తయ్య అందరికంటే ముందు చెయ్యి పెట్టి, ముచ్చిక దగ్గర వాసన చూసి, దోరగా పండిన పెద్దరసం ఒకటి తనకోసం ఏరుకున్నారు. "నువ్వూ తీసుకో అమ్మాయ్, తర్వాత మిగలవు" అన్నారు.